చార్ సౌ బీస్ పెద్దమనిషి

బోధన్ చుట్టుపక్కల ఊళ్లలో ఇలాంటి పెద్దమనిషి ఒకడైనా తగులుతాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో రెగ్జిన్ సంచి. సంచిలో రసీదు బుక్కు, గుండ్రటి రబ్బరు ముద్ర. ఇంకు ప్యాడ్ ఎప్పుడో ఎండిపోయింది కాబట్టి ముద్రను నోటి దగ్గర పెట్టుకుని 'హా' అని ఊది, రసీదు మీద గట్టిగా నొక్కుతాడు. అక్షరాలు ఒక్కటీ కనబడవు. కనబడకపోవడమే దాని గొప్ప.

మనోడు అమ్మే సరుకు ఒక్కటే: శక్కర్‌నగర్ ఫ్యాక్టరీలో నౌకరీ. నిజాం కాలంలో, 1937లో పెట్టిన ఆ చక్కెర ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. మూతపడ్డ ఫ్యాక్టరీలో నౌకరీ ఎవడు కొంటాడని హైదరాబాద్ వాళ్లు నవ్వుతారు. నవ్వకండి. ఎలక్షన్ వచ్చిందంటే ఏ జెండా వాళ్లయినా తెరిపిస్తామనే అంటారు. వాళ్లు టోకున పంచిన ఆశనే మనోడు చిల్లరగా అమ్ముకుంటాడు. "కాకా, మిషన్లకు గ్రీజు పెడుతున్నరు, నా కండ్లతోని చూసిన. నీ కొడుకు పేరు లిస్టుల ఎక్కాల్నంటే ఫారం పైసలు ఐదు వేలు. రేపైతే పది."

ఐదు వేలకు మించి ఎవరి దగ్గరా ముట్టడు. అంతవరకైతే జనం తిట్టి ఊరుకుంటారని లెక్క. ఆ లెక్క మూడుసార్లు తప్పింది.

మొదటిసారి కోర్టు మందలించి వదిలేసింది. పాత శిక్షలేవీ లేనివాణ్ణి అలా వదలొచ్చని 1958 ప్రొబేషన్ చట్టం మూడో సెక్షన్, పాత శిక్షాస్మృతిలోని మోసం సెక్షన్ 420ని పేరు పెట్టి మరీ చెబుతుంది. మనోడు ఆ ఆర్డరుకు లామినేషన్ చేయించి కొత్త గిరాకీలకు చూపించాడు: "జడ్జిసాబే ఇడిచిపెట్టిండు, ఇంకేం కావాలె?" ఆ మందలింపు కూడా పాత శిక్ష కిందే లెక్కని అదే సెక్షన్ కింద రాసి ఉంటుంది. అంతదాకా ఎవరు చదువుతారు!

రెండోసారి సారంగపూర్ జైల్లో కొన్ని నెలలు. వచ్చాక "ఇందూరు జైల్ల దాశరథి సారు గూడ ఉండె" అనడం మొదలుపెట్టాడు. కవి దాశరథి ఉన్నది నిజామాబాద్ ఖిల్లా జైలు. ఆయన నిజాం మీద గోడలపై బొగ్గుతో పద్యాలు రాశాడు. మనోడు రాసినవి నిజాం ఫ్యాక్టరీ పేరు మీద రసీదులు.

ఇది మూడోసారి. నేరం రుజువైంది, శిక్షే తేలాలి. నిజామాబాద్ కోర్టు ఆవరణలో ఫిర్యాదు చేసిన చెరుకు రైతే మనోడికి చాయ్ తాగిస్తున్నాడు. తాగించడా మరి, పొద్దున్నే పైసలు వాపసొచ్చాయి! రాజీ అయితే కేసు పోతుందని మనోడి ఉపాయం. కోర్టు ఒప్పుకుంటే 420లో రాజీ కుదిరే మాట నిజమే. కానీ పాత శిక్షల వల్ల ఎక్కువ శిక్షకు తగినవాడికి ఆ దారి మూసేశారు. వకీలు ఆ ముక్క చెప్పగానే గ్లాసు చేతిలోనే ఆగింది. "గీ ముచ్చట పైసలియ్యకముందు చెప్పొద్దా వకీల్‌సాబ్?"

ఒక్క విషయంలో మాత్రం తృప్తి. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో మోసం సెక్షన్ 318 అయింది. మనోడి కేసు అంతకుముందుది కావడంతో పాత నంబరే దక్కింది. "చార్ సౌ బీస్ అంటే నలుగురికి తెలుస్తది. మూడు వందల పద్దెనిమిదంటే బస్సు నంబరనుకుంటరు."

శిక్ష గురించి చెప్పుకునేదేమైనా ఉందా అని అడిగారు మేజిస్ట్రేట్. మనోడు అప్పటికప్పుడు కుంటుతూ ముందుకొచ్చాడు. "ముసలి తల్లున్నది సార్. నాకు షుగరున్నది." తల్లి దినాలు పోయినేడే చేశాడని సర్కారు వకీలు లేచి చెప్పాడు. షుగరు మాత్రం అబద్ధం కాదు. శక్కర్‌నగర్‌లో ఇప్పుడు దొరికేది ఆ షుగరే.

ఏడాది పడింది. బయటికొస్తూ మనోడు వేళ్లు మడిచి నెలలు లెక్కపెట్టి, "ఎలక్షన్లకు ముందే వస్త" అన్నాడు కానిస్టేబుల్‌తో.

వచ్చాక మీ ఇంటికీ రావచ్చు. మంచి మాటకారి, కూర్చోబెట్టి చాయ్ పోయండి. సంచిలోంచి రసీదు బుక్కు తీశాడా, ఫ్యాక్టరీ గేటుకు తాళం ఉందో లేదో ముందు మీరే పోయి చూసి రండి.