గుండెపోటు దాకా తాపీగా: ఫ్యాటీ లివర్ ఉన్నవారికి చిట్కాలు

స్కానింగ్‌లో 'గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్' అని వచ్చిందా? కంగారు పడకండి. ఈ జబ్బున్నవాళ్లను ఎక్కువగా పొట్టన పెట్టుకునేది లివర్ కాదు, గుండె. దానికి దారి ఇస్తే చాలు. ఈ చిట్కాల్లో చాలావాటికి కుర్చీలోంచి లేవక్కర్లేదు.

1. "ఈ రోజుల్లో ఎవరికి లేదు ఫ్యాటీ లివర్?" అనండి. ఈ ఒక్క మాటతో ఆరు నెలలు గడుస్తాయి. నడుము కొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదంటారు. టేపు జోలికి పోకండి. ప్యాంటు బొడ్డు కిందికి జార్చి కట్టుకుంటే 34 సైజు ఎప్పటికీ సరిపోతుంది. అడిగినవాళ్లకు ఆ నంబరే చెప్పండి.

2. బరువు పది శాతం తగ్గితే లివర్‌లో పడ్డ మచ్చలు కూడా వెనక్కి మళ్లే అవకాశం ఉంది. అంటే 80 కిలోల మనిషి 8 కిలోలు తగ్గాలి. ఉగాది నుంచి మొదలుపెడతానని ఒప్పుకోండి. తర్వాత మామిడిపళ్లు, ఆపైన శ్రావణమాసం పేరంటాలు, దసరా, సంక్రాంతి అరిసెలు. ఏడాది తిరిగి మళ్లీ ఉగాది వస్తుంది.

3. కొలెస్ట్రాల్ మాత్ర రాస్తే, అది లివర్‌ను తినేస్తుందన్న పక్కింటాయన మాట పట్టుకోండి. లివర్ జబ్బు నిలకడగా ఉన్నవాళ్లకు స్టాటిన్లు సాధారణంగా సురక్షితమేనని, లివర్ పరీక్షలో ఎస్‌జీపీటీ కాస్త పెరిగినంత మాత్రాన మానక్కర్లేదని డాక్టర్ చెబుతారు. కామెర్లు, పొట్టలో నీరు ఉన్న ముదిరిన సిర్రోసిస్‌లోనే డోసు తగ్గించాలా, ఆపాలా అన్నది చూస్తారు. మీరు ఏ కోవలోకి వస్తారో అడగకండి. అపాయింట్‌మెంట్ ముందురోజు రాత్రి పదిహేను మాత్రలు చెత్తబుట్టలోకి నొక్కేసి, ఖాళీ స్ట్రిప్ జేబులో పెట్టుకోండి. వాటికి బదులు తిప్పతీగ కషాయం తాగండి. దానివల్ల లివర్ దెబ్బతిన్నవాళ్ల గురించి ముంబయి డాక్టర్లు 2021లోనే రాశారు.

4. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, శ్రద్ధగా చదవండి. ఒంట్లో కొలెస్ట్రాల్‌ను ప్రధానంగా తయారుచేసేది లివరే. అది గట్టిపడి సిర్రోసిస్‌లోకి దిగితే తయారీ పడిపోతుంది. రెండేళ్ల కిందట 148 ఉన్న ఎల్‌డీఎల్, మందూ మాకూ లేకుండా 61కి వస్తుంది. పండగ చేసుకోండి! రిపోర్టులో ఆ పేజీ ఒక్కటే ఫొటో తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టండి. రెండో పేజీ తిప్పకండి. లివరే తయారుచేసే ఆల్బుమిన్ 2.6 అని, పక్కన నల్లటి అక్షరాల్లో 'లో' అని అక్కడే ఉంటుంది. ల్యాబ్ కౌంటర్ దగ్గరే కాగితం నాలుగు మడతలు పెట్టి, నేరుగా బిర్యానీకి వెళ్లండి. కొలెస్ట్రాల్ తగ్గింది కాబట్టి గుండెకు ఢోకా లేదని అక్కడ అందరికీ చెప్పండి.

5. సాయంత్రానికి చీలమండ దగ్గర సాక్సు పట్టీ అచ్చు పడుతుంది, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతుంది. ఒక సైజు పెద్ద చెప్పులు కొనండి. ఆవకాయ, అప్పడం మానకండి. మోకాలి నొప్పికి మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ వేసుకోండి. సిర్రోసిస్ ఉంటే కిడ్నీలు కూడా తోడొస్తాయి.

6. ఆదివారం మందు ఆదివారమే. అది లెక్కలోకి రాదు.

7. ఛాతీలో బరువు, ఎడమ చేయి లాగుడు, చెమటలు వస్తే గ్యాస్ అనండి. జీలకర్ర నీళ్లు తాగండి, అటు తిరిగి పడుకోండి, తెల్లారనివ్వండి. అప్పటిదాకా 108కి ఫోన్ చేయనివ్వకండి. రిపోర్టుల కవరు బీరువాలో పట్టుచీరల కింద ముందే దాచి ఉంచండి. అంబులెన్స్ వచ్చాక, ఏం మందులు వాడుతున్నారని అడిగితే మీ ఆవిడకు తెలియదు. జేబులో ఖాళీ స్ట్రిప్ మాత్రం దొరుకుతుంది, రోజూ వేసుకున్నారనే చెబుతుంది.