/డెవ్/ఎస్‌డీఏ: టీకాతాత్పర్య సహితము

అవతారిక. లినక్సు యంత్రమును ‘ఎల్‌ఎస్ మైనస్ ఎల్’ అని ప్రశ్నింపగా, తన హార్డుడిస్కును గూర్చి అది పలికిన ఏకవాక్యమిది. చదివినవారెవరును రెండవమారు చూడరు. కనుకనే టీక అవసరమైనది.

మూలము. బీఆర్‌డబ్ల్యూ-ఆర్‌డబ్ల్యూ---- 1 రూట్ డిస్క్ 8, 0 /డెవ్/ఎస్‌డీఏ
(నడుమనున్న తేదీ ప్రక్షిప్తమని విడిచితిమి.)

ప్రతిపదార్థము. బీ = బ్లాకు సాధనమైనట్టిదియు; ఆర్‌డబ్ల్యూ- = యజమానికి చదువను వ్రాయను వీలైనట్టిదియు; ఆర్‌డబ్ల్యూ- = గుంపువారికిని అట్టిదే యైనదియు; --- = ఇతరులకు మూడు గీతలు, అనగా మొండిచెయ్యి; 1 = ఒక్క పేరు గలదియు; రూట్ = రూటను సర్వాధికారి సొత్తును; డిస్క్ = డిస్కను గుంపునకు చెందినదియు; 8, 0 = విశేషమున చూచునది; /డెవ్/ఎస్‌డీఏ = డెవ్ అను డైరెక్టరీలోని ఎస్‌డీఏ.

తాత్పర్యము. డిస్కు కలదు.

విశేషములు. మొదటి యక్షరమే ప్రాణము. అచట ‘సీ’ యున్నచో అది కీబోర్డు జాతి. వచ్చినది వచ్చినట్లు అందించును, వెనుకకు పోవుట యెరుగదు. ‘బీ’ యన్నచో నడిమి ముక్కనైనను నేరుగా అడుగవచ్చును. ముక్క కొలత 512 బైట్లు. నేటి డిస్కులు పెక్కు లోలోపల 4096 బైట్ల ముక్కలు వాడుచున్నను కెర్నెలు లెక్క మాత్రము 512తోనే. బియ్యము కిలోలలో కొన్నను సోలతో కొలిచి ఎసట పోయు అమ్మమ్మను తలచుకొనునది.

ఇక వివాదస్థలము. మామూలు ఫైలుకు పరిమాణముండు చోట ఈ ‘8, 0’ యేల? ఎనిమిది బైట్లని భ్రమింపరాదు. 8 అనునది ఎస్‌డీ డ్రైవరు సంఖ్య. 0 అనగా మొదటి డిస్కు మొత్తము. 1 అనగా దాని మొదటి విభాగము. 16 అనగా రెండవ డిస్కగు ఎస్‌డీబీ. చూడుడు, వాక్యమంతయు వెదకినను కర్త పేరు లేదు! డ్రైవరిచట అధ్యాహార్యుడు. ఫైల్ సిస్టము ‘ఫలానా ముక్క తెమ్ము’ అన్నంతనే ఆ మాటను డిస్కుకు తెలిసిన ఆజ్ఞగా మార్చి పంపువాడతడే.

పంపిన వెంటనే రాదు. నిమిషమునకు 7200 చుట్లు తిరుగు డిస్కుకు ఒక్క చుట్టు 8 మిల్లీసెకన్ల పైచిలుకు; ప్రాసెసరుకది యుగము. అడిగిన ప్రోగ్రామును నిద్రపుచ్చి, అంతలో మరొకదానిని నడుపుదురు. సరుకు నేరుగ మెమరీలో దిగి, ఇంటరప్టు తలుపు తట్టిన పిదపనే మేలుకొలుపు.

పాఠాంతరము. కొత్త యంత్రములలో ‘ఎన్‌వీఎమ్‌ఈ0ఎన్1’ అని కనబడును. అచట డ్రైవరు వేరు, తిరుగుడు లేదు. ఛందోభంగము మాత్రము స్పష్టము.

ఆక్షేపము. ‘సేవ్ అయినది’ అని తెర పలికెనేని డిస్కుపై పడినట్లేనా?

సమాధానము. పడినట్లు కాదు. వ్రాత తొలుత మెమరీలో ఆగును. ఆ తావు పేరు క్యాష్, నిజమునకది అరువు. అర నిమిషము దాకను అచటనే యుండవచ్చును. ‘ఇచ్చేసినట్టే అనుకోండి’ అను బాకీదారు మాటయు, ఈ ‘అయినది’యు ఒక్క తూకము. ‘సింక్’ అని గద్దించినచో వెంటనే కదలును. పెన్‌డ్రైవును ఎస్‌డీ ఇంటిదే కనుక దానికిని ఇదే ధర్మము. అన్‌మౌంటు చేయక పెరికిన నేమగునో తరువాతి విశేషమున సోదాహరణముగ వివరించితిమి.

ఏడవ విశేషము. అన్‌మౌంటు చేయక పెరి
(ఇచట గ్రంథపాతము.)