టిషియన్ గారూ, మార్కాపురం పలకా

నూనెరంగుల బొమ్మ అనగానే అందరికీ చట్రానికి బిగించిన గుడ్డే గుర్తొస్తుంది. ఇటలీలో సెబాస్టియానో దెల్ పియోంబో అనే చిత్రకారుడు మాత్రం 1530 ప్రాంతంలో పలకరాయి మీద నూనెరంగులు వేయడం మరిగాడు. చెక్కకు పురుగు పడుతుంది, రాయికి ఏ తెగులూ రాదని ధీమా. (మరుసటి ఏడే ఆయనకు పోపు గారి ముద్రలు చూసే కొలువు దొరికింది. నెలజీతం కుదిరాక కుంచె పట్టడానికి బద్ధకించాడని, చిత్రకారుల జీవితకథలు రాసిన వాసారి చెప్పాడు. సర్కారీ ఉద్యోగ మహిమ రోములోనూ ఇంతే.) ఆ బాటలోనే మరో చిత్రకారుడు టిషియన్ 1547లో ముళ్ళకిరీటం పెట్టి, చేతులు కట్టేసిన క్రీస్తును పలక మీద వేశాడు. 1548 జనవరి చలిలో ఆల్ప్స్ దాటి, ఆగ్స్‌బర్గ్‌లో ఐదో చార్లెస్ చక్రవర్తికి దాన్ని కానుకగా ఇచ్చాడు. ఇప్పుడది మాద్రిద్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది.

ఇది చదివాక మార్కాపురం వాడినై ఉండి ఊరుకోవడం నా వల్ల కాలేదు. ఎక్కడెక్కడి పిల్లలో అఆలు దిద్దింది మా ఊరి పలకరాయి మీదే. ఆ పిల్లల చేత దిద్దించిన బడిపంతుళ్ళలో నేనూ ఒకణ్ణి. రిటైరయ్యాను, తీరికుంది. గురువుగా టిషియన్‌ను పెట్టుకున్నాను. బతికున్న గురువైతే బెత్తం తీస్తాడు.

"పలక మీద బొమ్మయితే తడిగుడ్డ పెడితే పోద్ది. దానికింత ఖర్చా?" అంది మా ఆవిడ.

నిజానికి ఖర్చు తక్కువే. టిషియన్ బొమ్మలో వెనకంతా చీకటి. మన రాయి పుట్టుకతోనే నలుపు. నల్లరంగు డబ్బులు మిగిలాయి. నునుపు మీద రంగు నిలవదని ఉప్పుకాగితంతో రుద్ది, సుద్దతో గళ్ళు గీశాను. మొత్తం పనిలో నాకు అనుభవమున్న ఘట్టం అదొక్కటే. తర్వాత అవిసెనూనె కోసం హార్డ్‌వేర్ షాపుకెళ్తే, "తలుపులకా, కిటికీలకా సారూ?" అనడిగాడు. క్రీస్తుకన్నాను. అరలీటరు చాలన్నాడు.

అడుగుపూత టర్పెంటైన్‌తో పలచగా ఉండాలి, పైపూతల్లో నూనె పెరగాలి. తిరగబడితే బొమ్మ పగుళ్ళిస్తుంది. పైగా ఈ నూనె నీళ్ళలా ఆవిరైపోయి ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. అందుకే మా ఆవిడ మిద్దె మీద పెట్టిన వడియాలు పొద్దుగూకేలోపు పెళపెళలాడుతుంటే, పక్కనే క్రీస్తు చెంప వారమైనా తడిగానే ఉంది. 1996లో పునాదిరాయి పడ్డ వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళ కోసం కాచుకున్న ఊరికి ఓపిక కొత్త కాదు గానీ, దుమ్ముకు ఓపిక లేదు. పలకల యూనిట్ల నుంచి లేచిన రాతిపొడి వచ్చి అతుక్కుని, ముప్పై మూడేళ్ళ క్రీస్తుకు గడ్డం నెరిసింది.

అసలు కష్టం జనంతో. పలకంటే తుడిచేదని పుట్టుకతో వచ్చిన నమ్మకం. చూడ్డానికొచ్చిన ప్రతివాడి బొటనవేలూ నోటి దాకా వెళ్తుంది. పక్కింటి బుడ్డోడు తుడవడానికి ఏకంగా కోవాకు తెచ్చాడు. కుడి కనుబొమ వాడి పుణ్యమే. బాప్టిస్టు సంఘంలో పెద్దయిన మిత్రుడు చాలాసేపు చూసి, "ప్రభువే, గుర్తు పట్టాను. మా గుళ్ళో సిలువ తప్ప బొమ్మలుండవు గదా!" అని హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. స్పెయిన్‌లోని బోర్హాలో 2012లో ఒక పెద్దావిడ గుడిగోడ మీది పాత క్రీస్తును బాగుచేయబోతే అది కోతిలా తయారైంది. ఆ వింత చూడ్డానికి జనం టిక్కెట్లు కొనుక్కుని మరీ వచ్చారు. నా బొమ్మ ఇంకా అంత చెడలేదు, అదే దాని దురదృష్టం.

చివరికి రాయి కొట్టిచ్చిన పనివాణ్ణి పిలిచాను. మొహం వైపు చూడనే లేదు. పలకను నిలబెట్టి, అంచు మీద గోటితో కొట్టి, చెవి పెట్టి విన్నాడు.

"రాయి మేలైందే సారూ. ఇదిగో, ఇక్కడ పొర ఇడిసింది. ఉలి పెడితే శుభ్రంగా రెండయిద్ది. పైదాని మీద మీ దేవుడు ఎట్టాగూ ఉంటాడు. కిందది నాకియ్యండి, చట్రం ఏపిచ్చి మా మనవరాల్ని బడికి పంపిస్తా."