అరవై వాట్ల బల్బు

పదో తరగతిలో ‘విద్యుత్ ప్రవాహం’ పాఠం మొదలైందంటే ఆ సైన్సు మాస్టారి సంచిలో పాత అరవై వాట్ల బల్బు ఒకటి, మల్టీమీటరు ఒకటి తప్పకుండా ఉంటాయి. అది అడవి అంచున ఉన్న ఊరు. బడి గోడ దాటితే అన్నీ మక్క చేలే.

ఓమ్ నియమం బోర్డు మీద రాసి, బల్బును ముందు బెంచీ పిల్లకిచ్చి, దాని నెత్తిన ఏం రాసి ఉందో చదవమన్నారు. 230 వోల్టులు, 60 వాట్లు. “వాట్లను వోల్టులతో భాగించండి. కరెంటు వస్తుంది.” 0.26 ఆంపియర్. “ఇప్పుడు వోల్టులను ఆ కరెంటుతో భాగించండి.” సుమారు 880 ఓమ్‌లు. అందరికీ ఒకటే జవాబు వచ్చింది. అప్పుడు మల్టీమీటరు ముళ్లు బల్బుకు ఆనించి పిల్లలకు చూపించారు. అరవై చిల్లర ఓమ్‌లు!

“లెక్క తప్పింది సార్!” అని క్లాసంతా గోల. ఏటా ఈ గోల కోసమే ఆయన ఎదురుచూస్తారు.

“లెక్క తప్పలేదు. మీటరు కొలిచింది చల్లగా ఉన్న తీగను. మీరు కట్టిన లెక్క వెలుగుతున్న తీగది. వెలిగేటప్పుడు ఆ టంగ్‌స్టన్ తీగ రెండు వేల డిగ్రీలు దాటి కాగుతుంది. నిరోధం పది రెట్లకు పైగా పెరుగుతుంది. వస్తువు ఏ స్థితిలో ఉందో చూసుకోకుండా దాని ఓమ్‌లు చెప్పకండి.”

సూత్రం బట్టీపట్టిన పిల్లలకు మార్కులొస్తాయి, కాదనను. కానీ ఈ ఒక్క ముక్క చెప్పని చదువు నా దృష్టిలో సగం చదువే.

వెనక బెంచీ నుంచి ఒక పిల్లాడు లేచాడు. క్లాసులో నోరు తెరిచి ఎరగడు.

“మనిషికెన్ని ఓమ్‌లు సార్?”

మాస్టారి మొహం వెలిగిపోయింది. వాణ్ని పిలిచి ముళ్లు చెరో చేతికీ ఇచ్చారు. పొడి చేతులతో లక్షల్లో చూపించింది. చేతులు కుండనీళ్లలో ముంచి పట్టుకోమంటే అంకె గబగబా వేలల్లోకి దిగిపోయింది.

“ఇందులో ఉన్నది చిన్న బ్యాటరీ కనుక ఇంకా వేలల్లో చూపిస్తోంది. 230 వోల్టులు తగిలితే చర్మం అడ్డు నిలవదు. తడి ఒంటికి వెయ్యి ఓమ్‌లు వేసుకో. ఇప్పుడు నువ్వే కట్టు.”

పిల్లాడు బోర్డు మీద భాగించాడు. 0.23 ఆంపియర్. దాన్ని 230తో హెచ్చవేశాడు. 52.9 వాట్లు. టేబుల్ మీదున్న బల్బు వంక ఒకసారి చూశాడు.

“బల్బు కన్నా తక్కువనే సార్.”

“తక్కువే. ఇళ్లలో ప్రాణం కాపాడ్డానికి పెట్టే స్విచ్చి 30 మిల్లీ ఆంపియర్లకే కరెంటు ఆపేస్తుంది. అంతకు మించితే గుండెకు ప్రమాదమని. నీ లెక్కలో ఉన్నది దానికి ఏడు రెట్లకు పైనే.”

“వానపడ్డంక, చెప్పుల్లేకుంట చేన్ల నడుస్తుంటే?”

“అంతకన్నా తడి ఇంకేముంటుంది?”

“పందులకు కట్టిన తీగె తగిలితే సార్?”

క్లాసు సద్దుమణిగింది. ఆ ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. కంకి పాలు పట్టే వేళకు అడవిపందులు చేల మీద పడతాయి. ఒక్క రాత్రిలో మడి మడంతా తొక్కి పోతాయి. ఆ రైతు కడుపుమంట నాకు తెలుసు. అయినా లైనుకు కొండీ తగిలించి, చేను చుట్టూ మోకాటి ఎత్తున ఒట్టి తీగ లాగడాన్ని నేను ఎప్పటికీ ఒప్పుకోను. అది నేరం. చీకట్లో మోటారు వేయడానికి పోయే పక్క రైతును, పందిని ఆ తీగ వేరు చేసి చూడదు.

“అదీ 230 వోల్టులే. నువ్వు కట్టిన లెక్కే దానికీ” అన్నారు మాస్టారు.

“ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఫ్యూజు పోదా సార్?”

“ఎందుకు పోతుంది? మన చేల దగ్గరుండే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కో ఫేజుకు 35 ఆంపియర్ల దాకా మోస్తుంది. ఐదు హెచ్‌పీ మోటారు ఒక్కటే ఏడు ఆంపియర్ల దాకా లాగుతుంది. దాని ముందు ఈ 0.23 ఎంత? ఎక్కడో ఒక బల్బు వెలిగింది అనుకుంటుంది, అంతే. ఫ్యూజు ఉన్నది తీగల్నీ ట్రాన్స్‌ఫార్మర్నీ కాపాడ్డానికి. మనిషి ప్రాణం పోయినా దానికి తెలియదు.”

“ఒంటి మీద కాలిన మచ్చన్న పడుతది గద?”

“పొడి ఒళ్లయితే పడుతుంది. తడిసిన ఒళ్లు వెడల్పుగా ఆనితే ఏ గుర్తూ లేకపోవచ్చు.”

పిల్లాడు ఒక్కొక్కటీ నోటుబుక్కులో రాసుకున్నాడు. 0.23 కింద రెండు గీతలు గీశాడు. మాస్టారు వాడి భుజం తట్టి క్లాసు వైపు తిరిగారు. “చూశార్రా, ప్రశ్న అంటే ఇలా ఉండాలి! ఏ గైడులోనూ దొరకవివి. నీకెలా తట్టాయిరా ఇవన్నీ?”

“పోయినేడు మా బాపు పక్కోళ్ల చేన్ల పడి సచ్చిపోయిండు సార్. తీగె తగిలే పోయిండని మా అమ్మ మస్తు మొత్తుకున్నది. మచ్చ లేదు, ఫ్యూజు పోలేదు, గుండె ఆగి పోయిండని పంచాయితీల తేల్చిండ్రు. కూసునే ముందు పెద్దమనుషులు బడికొచ్చి, కరెంటు ఎక్కువ గుంజితే ఫ్యూజు పోతదా అని మిమ్ముల్నే అడిగిండ్రంట. తప్పకుండ పోతదని మీరే చెప్పిండ్రంట గద సార్.”