పన్నెండు మాటలకు ఒక చుక్క

రాయడం అయిపోయాక చదువుకోకండి, ముందు లెక్కపెట్టండి. చదివితే మీ వాక్యం మీద మీకే ముద్దొస్తుంది. అంకెకు ఆ మొహమాటం లేదు.

పద్ధతి తేలిక. వ్యాసం మొదట్లో 10 వాక్యాలు, మధ్యలో 10, చివర 10 తీసుకోండి. చదవడం ఎంత కష్టమో కొలిచే తన స్మాగ్ సూత్రానికి 1969లో మెక్‌లాగ్లిన్ ఇలాగే 30 వాక్యాలు తీసుకున్నాడు. ఆయన వాటిలోని పొడుగు మాటల్ని లెక్కపెట్టాడు. మనకు ఆ పని వద్దు. మొత్తం మాటల్ని 30తో భాగించండి. 12 దాటిందా, ఆ కాగితం ఎవరి చేతికీ ఇవ్వకండి.

మాటల పొడుగు ఎందుకు వద్దంటున్నానో చూడండి. 1948లో రుడాల్ఫ్ ఫ్లెష్ ఇంగ్లీషు కోసం ఒక సూత్రం కట్టాడు. అందులో 206.835 నుంచి రెండు తీసివేతలు చేయాలి. మొదటిది, వాక్యంలో సగటున ఉన్న మాటలు ఇంటూ 1.015. రెండోది, మాటలో సగటున పలికే అక్షరాలు ఇంటూ 84.6. స్కోరు ఎంత ఎక్కువైతే చదవడం అంత సులువు. ఇప్పుడు అందులో తెలుగు పెట్టండి. వాక్యానికి పది మాటలు, మాటకు నాలుగు అక్షరాలు అనుకుందాం. స్కోరు సున్నాకు దాదాపు 142 కిందికి పడిపోతుంది! ఆ లెక్కన పిల్లల కథ కూడా ఎవరికీ అర్థం కాకూడదు. తప్పు తెలుగుది కాదు. 'తీసుకురాలేకపోయినవాళ్లకు' అన్నది మనకు ఒకటే మాట. కాబట్టి రెండో తీసివేతను కొట్టేయండి. మిగిలేది వాక్యం పొడుగు, అదొక్కటీ చాలు. మాటలు అతికించి రాసి లెక్క తగ్గించేవాళ్లూ ఉన్నారు. అది దొంగలెక్క, మీరు ఆ పని చేయకండి.

తెలుగు వాక్యం పొడుగెక్కేది అసమాపక క్రియలతోనే. వెళ్లి, కనుక్కొని, తీసుకొని, వచ్చి అంటూ పోతే ఆగే చోటుండదు. ప్రతిదాన్నీ అక్కడికక్కడే ముగించండి. వెళ్లాడు. కనుక్కున్నాడు. తీసుకున్నాడు. వచ్చాడు. కథైనా ఇంతే, ఉత్తరమైనా ఇంతే. 'ఎందుకంటే', 'అయినప్పటికీ' కూడా తీసేయండి. రెండు వాక్యాలు పక్కపక్కన ఉంటే సంబంధం పాఠకుడే కలుపుకుంటాడు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది శుభలేఖ. 'స్వస్తిశ్రీ' దగ్గర ఎత్తుకుంటే 'ప్రార్థించుచున్నాము' దాకా ఊపిరి తీసుకోనివ్వరు. సంవత్సరం, మాసం, తిథి, నక్షత్రం, లగ్నం, వధువు, వరుడు, మండపం, విందు. అన్నీ ఒకే వాక్యం. పల్లెలో పెద్దావిడ దాన్ని వేలు పెట్టి చదువుకుంటుంది. ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ అన్నదే ఆవిడకు కావాలి. ఆ మూడూ నక్షత్రానికీ లగ్నానికీ మధ్య ఇరుక్కుంటాయి. ఇలా వేయించండి:

మా అమ్మాయి పెళ్లి. ఆదివారం. రాత్రి 9 గంటల 12 నిమిషాలకు ముహూర్తం. కల్యాణమండపం బస్టాండు ఎదురుగా. మీరంతా రండి. భోజనం చేయండి.

ఆరు వాక్యాలు, 17 మాటలు. సగటు మూడు కూడా లేదు! మర్యాద తగ్గిందని వియ్యాలవారు అలగవచ్చు. అలగనివ్వండి. పెద్దావిడ మాత్రం వేళకు దిగుతుంది.

సంతాప సందేశానికి పరిమితి ఇంకా తగ్గించి ఆరు మాటలు పెట్టుకోండి. ఏడుస్తున్న మనిషిని క్రియ కోసం వాక్యం చివరిదాకా నడిపించకూడదు. 'ఆయన మంచివారు. మాకు తెలుసు. వస్తున్నాం.' ఇంతకు మించి రాయొద్దు.

లెక్క పెన్సిలుతోనే చేయండి. చుక్కల్ని బట్టి లెక్కించే యాప్‌కు 'చి.ల.సౌ.' మూడు వాక్యాలుగా కనబడుతుంది. సగటు దానంతటదే తగ్గిపోతుంది, మీరు మోసపోతారు. ప్రతి వాక్యం చివర నిలువు గీత పెట్టి, పక్కన అంకె వేయండి. దిద్దాక మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టండి. దిద్దేటప్పుడే విడగొట్టిన వాక్యాలు తిరిగి అతుక్కుంటాయి.