సగటు గర్భిణి క్షేమం

మన సగటు గర్భిణి క్షేమంగా ఉంది. ప్రతి లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 2030 కల్లా 70 లోపుకు దిగాలని ప్రపంచ దేశాలన్నీ కూర్చుని తీర్మానించుకుంటే, 2018-20 లెక్కల్లోనే ఆంధ్రప్రదేశ్ 45కి, తెలంగాణ 43కి దిగిపోయాయి. దేశం మొత్తానికి 97. కేరళలో 19 కదా అని ఎవరో గొణుగుతారు. పండగపూట పక్కింటివాళ్ల ఊసెందుకు?

ఈ సగటు గర్భిణిని కళ్లారా చూసినవారు మాత్రం లేరు. ఒక కాలు హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రి ఏసీ గదిలో, రెండో కాలు ముంచంగిపుట్టు కొండ మీద పెట్టుకుని నిలబడ్డ మనిషి ఎవరికి కనిపిస్తుంది లెండి!

ఏసీ గదిలో బిడ్డ తనకు తోచినప్పుడు పుట్టే రోజులు పోయాయి. సిద్ధాంతిగారు చెప్పాలి. "మంగళవారం అష్టమి, వద్దమ్మా. గురువారం పొద్దున తొమ్మిదింబావుకి లగ్నం బ్రహ్మాండం." అత్తగారు వెంటనే డాక్టరమ్మకు ఫోను. "ఆ టైముకి ఇప్పటికే ముగ్గురున్నారండీ" అంటుంది డాక్టరమ్మ. గ్రహాలు ఖాళీగానే ఉన్నాయి, థియేటరే దొరకడం లేదు. నూటికి 10-15 సిజేరియన్లు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే చెప్పింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ నూటికి 60 దాటి దేశంలోనే మొదటి ర్యాంకు కొట్టింది. ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 80 పైమాటే. ర్యాంకులంటే మనవాళ్లకు మొదట్నుంచీ మోజే.

కొండ మీద లగ్నం చూడరు, మబ్బు చూస్తారు. నొప్పులు మొదలైతే ముందు ఒకడు సిగ్నల్ దొరికే గుట్టెక్కాలి. 108 వస్తుంది. తప్పకుండా వస్తుంది, తారు ఎక్కడ అయిపోయిందో అక్కడిదాకా. మిగతా దారి డోలీది. కర్రకు దుప్పటి రెండు కొసలూ ముడేసి, అందులో ఆమెను ముడుచుకుని పడుకోమని, ముందొకడూ వెనకొకడూ భుజానికెత్తుకుంటారు. దిగుడులో వెనకవాడు నడుం వంచి నడవాలి, లేకపోతే ఆమె ముందుకు జారిపోతుంది. గెడ్డ పొంగితే అందరూ ఒడ్డునే, నొప్పులతో సహా. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో పడుతుంది, అధికారులు స్పందిస్తారు, డోలీ మోతలకు ఇక స్వస్తి అని ప్రకటన వస్తుంది. ప్రభుత్వం మారినప్పుడల్లా కొత్త స్వస్తి.

ఒకచోట అక్కర్లేని కోత, ఇంకోచోట ప్రాణం మీదికొచ్చినా అందని కోత. రెండూ కూడి భాగిస్తే సరిపోయింది.

కాన్పయ్యాక ముచ్చట ఇంకా బాగుంటుంది. 2017లో మన సర్కారు రెండు వరాలిచ్చింది. పదిమంది, అంతకుమించి పనిచేసే సంస్థల్లోని ఉద్యోగినులకు 26 వారాల జీతంతో సెలవు. మిగతా తల్లులకు మాతృ వందన పథకం కింద 5,000 రూపాయలు, అదీ అప్పట్లో తొలి కాన్పుకే, అదీ విడతలుగా. 2013 ఆహార భద్రత చట్టమేమో 6,000కి తగ్గకూడదంది. ఆ వెయ్యి ఏమైందని అడిగితే, ఆసుపత్రి కాన్పుకిచ్చే జననీ సురక్ష డబ్బు కలుపుకుంటే సగటున ఆరువేలు అవుతుందన్నారు. ఇక్కడా సగటే ఆదుకుంది!

2024లో రోజుకు 300గా ఉన్న ఉపాధి హామీ కూలితో చూస్తే, ఆ అయిదువేలు పదిహేడు రోజులకు కూడా నిండవు. కాన్పయ్యాకైతే 42 రోజుల లోపు పోతేనే తల్లి మరణం కింద రాసుకుంటారు గనక, డబ్బయిపోయాక కూడా రిజిస్టరు ఇంకో పాతిక రోజులు ఆమెను బాలింతగానే చూసుకుంటుంది. ముఠా మేస్త్రికి అంత తీరిక లేదు. "ఏమ్మా, లేచి తిరుగుతున్నావుగా, రేపు మిరపకోతకొస్తావా? పిల్లని చెట్టుకింద ఉయ్యాల్లో పడుకోబెట్టుకోవచ్చులే."