మా వైద్యార్థి

చరిత్రలో పట్టము పుచ్చుకొని, రెండేండ్లు ఏదో కార్యాలయమున కాగితములు సర్ది, ఇరువదియైదవ యేట తాను వైద్యుడు కావలసినవాడని అకస్మాత్తుగా కనుగొన్న యువకుడు అమెరికా బంధువులుగల కుటుంబములలో ఎచ్చటనో ఒకడుండును; మాకు దక్కినవాడు నా మేనల్లుడు. ఇచ్చట నట్టివానికి దారి లేనట్లే. పదవతరగతి కాగానే బైపీసీయో ఎంపీసీయో తేలిపోవును, హెచ్ఈసీలో చేరినవాని మెడను స్టెతస్కోపు కలలోనైనను వరింపదు. అచ్చట నట్లు గాదు. పట్టము దేనిలోనిదైనను, జీవశాస్త్రము, సామాన్య రసాయనము, కర్బన రసాయనము, భౌతికశాస్త్రము తలకొక యేడు ప్రయోగశాలతో సహా పూర్తిచేసి, ఎంక్యాట్ అను పరీక్ష గట్టెక్కినచో సామాన్యముగా వైద్యకళాశాలకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. పెట్టుకొనుట వరకే సుమా! ఈ ప్రాయశ్చిత్తమును మావాడు న్యూజెర్సీలో రాత్రి తరగతులలో చేసికొనుచుండగా నాలుగు మాసములు నేను మా చెల్లెలింట నతిథినై యుంటిని.

ప్రతివస్తువు చరిత్రయు వానికి కరతలామలకము; వస్తువు మాత్రము కొరకరాని కొయ్య. వోలర్ 1828లో ప్రయోగశాలలో యూరియా పుట్టించుట, కెకూలే 1865లో బెంజీనునకు వలయాకృతి ప్రతిపాదించుట, తన తోక తాను కరచుకొన్న పామును కలలో చూచితినని ఆయన పిమ్మట చెప్పుకొనుట, ఆ కల నిజముగా వచ్చినదా యని పండితులు తగవులాడుకొనుట, ఇవన్నియు వాడు అనర్గళముగా చెప్పగలడు. ఆ బెంజీనుపై ఏది యెచ్చట చేరునో బాణములు గీసి చూపుమని పరీక్షలో అడిగినప్పుడు మాత్రము ఒకటిన్నర పుట కెకూలేను గూర్చి వ్రాసి వచ్చెను. ఉపాధ్యాయుడు అంచున “చాల బాగున్నది” అని వ్రాసి, దానిక్రింద సున్న చుట్టెను. వాడు సున్నపై బొటనవ్రేలు పెట్టి, పై మాటను వచ్చినవారికెల్ల చూపును.

ఒకరాత్రి చారు వడ్డించుచుండగా వాని కన్నులు మెరసెను. చింతపండు పులుపునకు మూలము టార్టారిక్ ఆమ్లమే యనియు, దాని జాతి లవణపు స్ఫటికములలో కుడిచేతివాటము వానిని, ఎడమచేతివాటము వానిని 1848లో పాస్తరు చిమటాతో ఏరి వేరుచేసెననియు, ఎంగిలి చేయి నొకటి, మంచి చేయి నొకటి అద్దములో బింబములవలె ఎత్తి యుపన్యసించెను.

“చేతులు దించరా, చారు చల్లారిపోతోంది,” అన్నది మా చెల్లెలు. పిదప కొంచెమాగి, “ఇంతకీ మన చింతపండుది ఏ చెయ్యి?” అన్నది.

వాడు నిలువునా నీరయ్యెను. చేయి కడుగుకొని, అణువుల పెట్టె తెచ్చి, నాలుగు నల్లబంతులు కర్బనమునకు, ఆరెఱ్ఱనివి ప్రాణవాయువునకు, ఆరు తెల్లనివి ఉదజనికి లెక్కపెట్టి, పదకొండు గంటలదాక త్రిప్పి త్రిప్పి చూచెను. తెల్లబంతి యొకటి తగ్గినది. అది మరునాడు ఇడ్లీపాత్ర క్రింద దొరకినది.

ఎంక్యాట్‌లో గరిష్ఠము 528, అన్నియు తప్పైనను 472కు తగ్గదని విని మా చెల్లెలు “ధర్మప్రభువులు!” అన్నది. నాలుగు భాగములలో గద్యములు చదివి జవాబు చెప్పుదానియందు మావాడు సింహము. తక్కిన మూటి సంగతి వ్రాయవలదని ఆమె యాన.

శనివారములు ఆసుపత్రిలో జీతము లేని సేవకు పోవును. చక్రముల కుర్చీలోని వృద్ధుని మోకాలినొప్పి యెప్పటిదని యడుగబోయి కొరియా యుద్ధము మొదలు వినుచు నిలిచిపోయి, ఎక్కవలసిన లిఫ్టును మూడుమార్లు పోనిచ్చెనట. ఆ వృద్ధుడు మరుసటివారము వీనినే పంపుమని యడిగెనట. ఇది విన్ననాడు వానిపై నా కోపము సగము పోయినది.

అసలు వానిని చూచి నవ్వు నర్హత నాకు లేదు. ఛందస్సు పుట్టుపూర్వోత్తరములు ముప్పదియేండ్లు పాఠము చెప్పితిని. ఉత్పలమాలకు గణములు భరనభభరవ, యతి పదవ యక్షరమున, అని నిద్రలో లేపినను చెప్పుదును. తప్పులేని ఉత్పలమాల యొక్కటి వ్రాసిన పాపమున పోలేదు. తిరుగు ప్రయాణమునకు ముందురాత్రి వాని చీటీలు పట్టుకొని ప్రశ్నలడుగుచు, పాస్తరును చారును కలిపి ఖాళీచీటీపై ఒక పాదము గిలికి వానికిచ్చితిని. కూడబలుక్కొని చదివి, ఆదివారములు నేను నేర్పినట్లే వ్రేళ్లు మడచి లెక్కించి, “పదో అక్షరం కుదర్లేదు మావయ్యా. కానీ చాలా బాగుంది,” అనెను.

సున్న మాత్రము చుట్టలేదు.